ఆకాశం చూసిన వైపు

అభా,
8 నవంబరు 2024, శుక్రవారం

రహమత్‌బీ అక్కకు,

సలాం. సౌదీ అంటే ఇసుక, ఒంటెలు అనుకునే మన బేతంచెర్ల జనానికి చెప్పు, నేను రెండు స్వెట్టర్లు వేసుకుని ఈ ఉత్తరం రాస్తున్నానని. అభా కొండ మీది ఊరు. పొద్దున లేచేసరికి మంచు కిటికీ దాకా వచ్చి ఉంటుంది. నిన్న ఒక కోతి మా జీపు అద్దం తుడిచే పుల్ల విరిచి పట్టుకుపోయింది.

మా ఆవిడ ఆస్మాతో రోజూ ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాను. నీతో మాత్రం కాగితమే. నాపరాళ్ళు కోసే యంత్రం పక్కన పద్దెనిమిదేళ్ళు నిలబడి చెవులు పోగొట్టుకున్నావు. ఫోన్లో అక్షరాలు నొక్కమంటే నా వేళ్ళు లావంటావు. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి నీ కూతురికి పంపుతున్నాను. సుల్తానా బద్ధకించి మధ్యలో పేజీ నీకు చూపించకుండా దాటేస్తుందేమో చూసుకో.

పని బాగుంది. ఏ కొండలో ఏ రాయి ఉందో పటం గీసే కంపెనీ అని చెప్పాను కదా. నేను డ్రైవర్ని, కానీ రాళ్ళ ఊరి మనిషినని తెలిశాక సుత్తి కూడా నా చేతికే ఇచ్చారు. నాగేందర్ అని జగిత్యాల అబ్బాయి నాతో ఉంటాడు, గదిలోనూ పనిలోనూ. రాళ్ళకి నంబర్లు వేసి సంచుల్లో కట్టడం అతని పని. మా ఇద్దరి మీదా నౌమాన్ సాబ్. క్వెట్టా ఆయన, రాళ్ళ చదువు చదివాడు, రాయిని చూస్తే భోజనం మరిచిపోతాడు. ఈ కొండలున్న చోట ఒకప్పుడు సముద్రం ఉండేదట. అటూ ఇటూ ఉన్న రెండు భూములు దగ్గరికి జరిగి గుద్దుకున్నాయట. అరవై డెబ్భై కోట్ల ఏళ్ళ కింది మాట అంటాడు, నిన్నగాక మొన్న చూసొచ్చినట్టు.

పోయిన వారం సాబ్ కాలు బెణికింది. ఎండిన వాగులు ఎక్కి దిగలేక జీపులోనే కూర్చున్నాడు. ఎక్కడ కొట్టాలో ఆ చోట్ల పక్కన ముందే తెల్లరంగు చుక్కలు పెట్టి ఉన్నాడు కాబట్టి నేనూ నాగేందరూ వెళ్ళి కొట్టుకొచ్చాం. మామూలుగా రాయి మీద బాణం గుర్తు సాబే పెడతాడు. ఈసారి, "పైవైపు ఏదో తెలియాలి, నువ్వే పెట్టెయ్యి బాబావలీ" అన్నాడు. గుర్తులు నాకొకరు నేర్పాలా? రాయి ఊడగొట్టి, తిప్పి చూసి, నున్నటి వైపు ఎర్రరంగుతో బాణం. పన్నెండేళ్ళప్పుడు ఫ్యాక్టరీలో నువ్వు నా చెయ్యి పట్టుకుని నేర్పినట్టే. కావలసిన పందొమ్మిది రాళ్ళూ తెచ్చాం. ఇరవయ్యోది ఒకటి ఎక్కువగా వచ్చింది, దాన్ని ఇంటికి పంపుకోమన్నాడు సాబ్. లీవులో వస్తున్న బాబ్జాన్‌తో పంపుతున్నాను. మీ బావిగట్టు నాపరాయి పక్కన పెట్టి చూడు, ఎంత తేడానో.

నీ తమ్ముడు
బాబావలి


బేతంచెర్ల,
24 నవంబరు 2024

బాబావలీ,

నువ్వు చల్లగా ఉండాలి, మరీ అంత చలిలో కాదు. బాబ్జాన్ రాయి తెచ్చి ఇచ్చాడు. దాన్ని చూసి నాకు రాత్రి అన్నం దిగలేదు. మెరిసే రాయి, దాని నిండా శనగగింజలంత ఎర్రటి పూసలు. ఇవి కెంపులు కావా? ఎవడిదో దేశం, ఎవడిదో కొండ. సాబ్ పంపుకోమన్నాడంటావు, సాబ్ కాగితం రాసిచ్చాడా? రేపు లెక్క అడిగితే ఆయన అక్కడే ఉంటాడు, నువ్వు ఉంటావా? సుల్తానాకి కూడా చెప్పకుండా బియ్యం డ్రమ్ములో దాచాను. అది రెండో రోజే బియ్యం కొలవబోయి బయటికి తీసింది. ఇప్పుడు దాని స్నేహితురాళ్ళంతా వచ్చి చూసి పోతున్నారు. దాచడం నాకు చేతకాదని నీకు తెలిసిందే.

ఇంకో సంగతి. భూములు జరిగి గుద్దుకున్నాయి అని రాశావు. ఇల్లు జరిగినట్టా, బండి జరిగినట్టా? మన గనిలో నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను, రాయి పొర మీద పొర మడతపెట్టిన దుప్పట్లలా పడుకునే ఉంది. ఎవరూ ఎవరినీ గుద్దలేదు. ఆ సాబ్ నీ మొహం చూసి కథలు చెబుతున్నాడేమో.

ఫ్యాక్టరీలో కొత్త రంపం పెట్టారు. దాని హోరు ఎక్కువని ఆడపిల్లలు అంటున్నారు. నాకు తెలియదు.

నాగేందర్‌కి నీ చేతి వంట పెట్టి చంపకు.

అక్క


అభా,
13 డిసెంబరు 2024

అక్కా,

నీ ఉత్తరం నాగేందర్‌కి చదివి వినిపించాను. బియ్యం డ్రమ్ము దగ్గర అతను మంచం మీంచి లేచి కూర్చున్నాడు. "మీ అక్క ఉత్తరం ఇంకొకటి ఎప్పుడొస్తదన్నా" అని అడుగుతున్నాడు. వాళ్ళింట్లో ఉత్తరం రాసేవాళ్ళు లేరు. అందుకని నీ ఉత్తరాల ఫోటోలు నా ఫోన్లో తనే తెరిచి మళ్ళీ మళ్ళీ చదువుకుంటున్నాడు.

ఆ ఎర్రపూసలకి ఏ విలువా లేదు, నిశ్చింతగా నిద్రపో. సాబ్‌కి మాత్రం ప్రాణం. సముద్రం అడుగున ఉన్న బురద, రెండు భూముల మధ్య ఇరుక్కుని లోపలికి పోయిందట. అక్కడ వేడి, పైనుంచి బరువు. కరగలేదు, కానీ మనిషి మారిపోయినట్టు మారిపోయింది. అలా మారేటప్పుడే ఈ పూసలు లోపల పుట్టి పెరిగాయి. పెరుగుతుండగానే చుట్టూ రాయి జరుగుతూ ఉంటే, అరచేతుల మధ్య పిండి ఉండలా దొర్లాయి. రాయిని పల్చగా కోసి అద్దాల కింద చూస్తే ఏ వైపు దొర్లాయో తెలుస్తుంది. ఏ భూమి ఏ భూమి మీదికి ఎక్కిందో చెప్పే సాక్షి అదేనట. పందొమ్మిది రాళ్ళలోంచి బాణం గుర్తు ప్రకారం ముక్కలు కోసి జిద్దా ల్యాబుకి పంపాడు. మిగతావి ఇక్కడ షెడ్డులో పెట్టెల్లో ఉన్నాయి.

నీ దుప్పట్ల మాట సాబ్‌కి చెప్పాను. "మీ రాళ్ళు అదృష్టవంతులు, పడుకున్న చోటే పడుకున్నాయి" అన్నాడు. అప్పుడు నాకు నాయన గుర్తొచ్చాడు. పొడుగు పరుపు కుట్టి, మంచం పొట్టిదైతే, కాలితో నెట్టి ఇరికించేవాడు చూడు. పరుపు మధ్యలో లేచి, ఒక పక్కకి పడిపోయేది. దూదేకులవాళ్ళ పరుపు సంగతి చెప్పేసరికి సాబ్ జీపు ఆపించాడు. అంతకన్నా బాగా కాలేజీలో కూడా ఎవరూ చెప్పలేదన్నాడు. ఇప్పటి ఈ ఎత్తు మాత్రం వేరే కథట, ఎర్ర సముద్రం చీలినప్పుడు లేచిందట. అది మళ్ళీ ఎప్పుడైనా.

ఫిబ్రవరిలో నాకూ నాగేందర్‌కూ కాంట్రాక్టు కొత్తగా రాయాలి. సాబ్ ఇద్దరి పేర్లూ పంపాడు. ఇంకో రెండేళ్ళు ఈ చలి తప్పదు.

బాబావలి


అభా,
10 జనవరి 2025

అక్కా,

నీ జవాబు రాకముందే రాస్తున్నాను. మనసు బాగాలేదు.

జిద్దా నుంచి ఫలితాలు వచ్చాయి. పందొమ్మిదిలో సగానికి పైగా రాళ్ళలో పూసలు ఒక వైపు దొర్లాయి, మిగతావాటిలో దానికి సరిగ్గా ఎదురు. ఒకే కొండ, ఒకే వాగు. పక్కపక్క రాళ్ళు అలా ఎదురు చెప్పడానికి వీల్లేదంటాడు సాబ్. మూడు రోజులుగా ఆయన ఆ కాగితాలే తిప్పుతున్నాడు. రిపోర్టు ఈ నెలాఖరుకి ఇవ్వాలి.

మేనేజరు వచ్చి సంచులు చూసి, నంబర్లు తారుమారయ్యాయని తేల్చేశాడు. నంబర్లు వేసింది నాగేందర్. ఇక మేనేజరు అతనికి కాంట్రాక్టు రాయడు, ఎగ్జిట్ కొట్టి ఫిబ్రవరిలో ఇంటికి పంపేస్తాడు. నాగేందర్ ఎదురు చెబుతాడని చూశాను. చెప్పలేదు. గదికి వచ్చాక అడిగితే, "నేనే కలిపిన్నో ఏమో అన్నా, నాకు యాదికొస్తలేదు" అన్నాడు. ఆ రోజుల్లో ఊళ్ళో భార్య సునీతకి జ్వరంగా ఉందని తరచూ ఫోన్ చూసుకునేవాడు. నిజమే అయి ఉంటుంది. నాకు జాలిగానే ఉంది, కానీ నేనేం చేయను?

ఆస్మాకి ఇదంతా చెప్పలేదు, భయపడుతుంది.

బాబావలి


బేతంచెర్ల,
17 జనవరి 2025

బాబావలీ,

దీనికి నువ్వు దిగులు పడటం ఏమిటి? పని మీద ధ్యాస లేని మనిషి ఎక్కడైనా ఒకటే. మా ఫ్యాక్టరీలో కూడా ఇలాంటివాడు ఒకడుండేవాడు. ఫోన్లో మునిగి, నంద్యాల పోవలసిన రాళ్ళని అనంతపురం లారీలో ఎక్కించాడు. మర్నాడే పంపేశారు. నంబరు వేయడం కూడా రాని చేతులు ఎందుకు? అతని వల్ల నీ పేరు చెడకపోతే అదే పదివేలు. సాబ్‌తో గట్టిగా చెప్పు, నా గుర్తులు సరిగ్గానే ఉన్నాయని.

మిరపకాయల పొడి పంపాలంటే ఎవరైనా వస్తున్నారా?

అక్క


బేతంచెర్ల,
21 జనవరి 2025

బాబావలీ,

నీ జవాబు కోసం ఆగలేక రాస్తున్నాను. రెండు రోజులుగా ఒక సంగతి నన్ను కూర్చోనివ్వడం లేదు.

ఆదివారం ఇల్లు కడుగుతూ నీ రాయిని కూడా బకెట్లో వేసి బ్రష్షుతో తోమాను. ఎండలో ఆరబెట్టి చూశాను. నీ ఎర్రబాణం ఉన్న వైపు నున్నగా, కొత్తగా, నిన్న చీల్చినట్టు ఉంది. రెండో వైపు గోధుమరంగు తోలు కట్టి, గరుకుగా ఉంది. సందుల్లో ఎండిన నాచు కూడా ఉంది. నేను పెద్ద చదువులు చదువుకోలేదు, కానీ పద్దెనిమిదేళ్ళు రాళ్ళు చేత్తో నిమిరి బతికాను. ఎండా వానా తిన్న తోలు ఏదో నాకు తెలుసు. ఆ రాయిలో ఆకాశం చూసిన వైపు అది. నీ బాణం ఉన్న వైపు నువ్వు ఊడగొట్టేదాకా వెలుగే చూడలేదు.

మొదటి ఉత్తరం సుల్తానాతో తెరిపించుకుని మళ్ళీ చదివాను. రాయి ఊడగొట్టి, తిప్పి చూసి, నున్నటి వైపు గుర్తు పెట్టానన్నావు. మన ఫ్యాక్టరీలో అంతే చేస్తాం. పాలిష్ పట్టాల్సిన వైపు ఏదో తెలియాలి కాబట్టి. మన గనిలో రాయి పడుకుని ఉంటుంది కాబట్టి నున్నటి వైపే పైవైపు అవుతుంది. నున్నటి వైపని పెట్టినా, పైవైపని పెట్టినా ఒకటే. ఆ కొండ అలా కాదని నువ్వే రాశావు కదా. నాయన పరుపు మధ్యలో లేచి పక్కకి పడినప్పుడు, అడుగున ఉండాల్సిన గుడ్డ పైకి వచ్చేది. అలాంటి చోట నున్నటి వైపు చూసి బాణం వేస్తే సగం సరిగ్గా పడతాయి, సగం తల్లకిందులు అవుతాయి. సగానికి పైగా ఒక వైపు, మిగతావి ఎదురు అన్నావు. నంబర్లు కలిసిపోతే అంత శుభ్రంగా రెండు వైపులుగా చీలతాయా?

వెళ్ళి పెట్టెల్లో రాళ్ళు చూడు. నాగేందర్‌ని నేను అనకూడని మాటలు అన్నాను.

అక్క


అభా,
24 జనవరి 2025

అక్కా,

అన్నీ నీకే తెలుసు. సాబ్ ఇరవై ఏళ్ళు చదివాడు, ఆయన నా గుర్తుల మీద ఒక్క మాట అనలేదు. నువ్వు పాలిష్ ఫ్యాక్టరీ దుమ్ములో కూర్చుని, ఒక్క రాయి బకెట్లో కడిగి, ఇక్కడి అసీర్ కొండలకి తీర్పు చెబుతున్నావు. నీకు వినపడదు కాబట్టి ఎదుటివాళ్ళు ఏం చెప్పినా నీ మాటే నీకు చివరిది. కాంట్రాక్టు రాసే వారంలో ఇలాంటివి రాయకు.

బాబావలి


అభా,
7 ఫిబ్రవరి 2025, శుక్రవారం

అక్కా,

రెండు వారాలు రాయలేదు. ముందుగా, పోయిన ఉత్తరంలో నీ చెవుల గురించి రాసినందుకు నన్ను క్షమించు. పంపిన గంటకే చెరిపేద్దామనుకున్నాను, సుల్తానా అప్పటికే చూసేసింది.

ఆ ఉత్తరం పంపిన మూడో రోజు షెడ్డు తాళం తీసుకుని ఒక్కడినే వెళ్ళాను. పందొమ్మిది రాళ్ళూ పెట్టెల్లోంచి తీసి నేల మీద వరసగా పెట్టాను. నువ్వు చెప్పినట్టు తోలు కట్టిన వైపు వెతికాను. పదకొండింట్లో బాణం తోలు మీదే ఉంది. ఎనిమిదింట్లో అడుగున ఉంది. ఆ ఎనిమిది నంబర్లూ జిద్దా కాగితంతో పోల్చాను. ఎదురు తిరిగినవి సరిగ్గా అవే.

మళ్ళీ పెట్టెల్లో సర్దేస్తే ఎవరికీ తెలియదు అనుకున్నాను అక్కా. అది కూడా నీకు చెప్పాలి. రెండు రాళ్ళు సర్దాను కూడా. అప్పుడు నాగేందర్ చాయ్ పట్టుకొచ్చాడు, ఒక్కడివే ఉన్నావని. నేలమీద రాళ్ళు చూసి, నేను అతని కోసమే వెతుకుతున్నాననుకున్నాడు. "ఇడిచిపెట్టన్నా. మీ అక్క కూడా రాసింది కద, నంబరేసుడు కూడ రాని చేతులని. నిజమే. రెండు వారాల సంది అన్నం కలుపుతుంటె కూడ నా చేతులు నాకే నమ్మబుద్ధయితలేవు" అన్నాడు.

నీ ఉత్తరం నా ఫోన్లో అతనే తెరిచి చదువుకున్నాడు. నా గుర్తులే తప్పని నువ్వు తర్వాత రాసిన దాన్ని మాత్రం నేను చెరిపేశాను, ఎవరూ చూడకుండా.

చాయ్ తాగకుండానే సాబ్ గదికి వెళ్ళాను. చెప్పాను. ఆయన జిద్దా కాగితం తీసి ఆ ఎనిమిది నంబర్లూ చూశాడు. తర్వాత, "రాయిని కదపకముందు గుర్తు పెట్టాలని నీకు నేను చెప్పలేదు. నువ్వు చూసి నేర్చుకున్నావనుకున్నాను. రోడ్డు పక్కన నేను పెట్టినవన్నీ నున్నటి వైపే పడ్డాయి, అక్కడ పొరలు పడుకుని ఉన్నాయి కాబట్టి" అన్నాడు. ఎలా కనిపెట్టావని అడిగాడు. మా అక్క అన్నాను. ఏ యూనివర్సిటీ అన్నాడు. బేతంచెర్ల అన్నాను.

మర్నాడు ముగ్గురం ఆ ఎనిమిది రాళ్ళూ వేసుకుని వాగుకి వెళ్ళాం. సాబ్ కుంటుతూనే ఎక్కాడు. విరిచిన చోటు వెతికి, విరిగిన ముక్కని దాని గుంటలో పెట్టి చూడటమే పని. ఐదు సులువుగా కూర్చున్నాయి. ఆరోదానికి మధ్యాహ్నం దాకా పట్టింది. కోతులు మా రొట్టెల సంచి ఎత్తుకుపోయాయి, ఎవరూ పట్టించుకోలేదు. ప్రతి రాయినీ గుంటలో పెట్టింది నాగేందర్. కూర్చున్నప్పుడు టక్కుమని ఒక చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వచ్చిన ప్రతిసారీ అతను నా వైపు చూశాడు. ఎనిమిదీ కూర్చున్నాయి. ఎనిమిదింట్లోనూ బాణం కిందికే ఉంది. పటంలో చోటుతో పోల్చి చూస్తే నంబరు ఒక్కటి కూడా తప్పు లేదు.

గుర్తులు సరిచేసి లెక్క చూస్తే పందొమ్మిది రాళ్ళలోనూ పూసలు ఒకే వైపు దొర్లాయి. సాబ్ రిపోర్టు ఐదు రోజులు ఆలస్యంగా వెళ్ళింది.

నాగేందర్‌కి కాంట్రాక్టు నిన్న రాశారు. నాకు రాయలేదు. సాబ్ రెండుసార్లు వెళ్ళి మాట్లాడాడు, మేనేజరు వినలేదు. మార్చి నెలాఖరులో ఎగ్జిట్. ఆస్మాకి ఫోన్లో చెప్పాను. ఫోన్ పెట్టేసింది. నువ్వు ఒకసారి వెళ్ళి ఆమె దగ్గర కూర్చో.

నాకు సిగ్గుగా ఉంది. కానీ నిద్ర పడుతోంది.

నీ తమ్ముడు
బాబావలి


బేతంచెర్ల,
12 ఫిబ్రవరి 2025

బాబావలీ,

ఆస్మా దగ్గరే కూర్చుని ఇది రాస్తున్నాను. మొదటి రోజు ఏడ్చింది. రెండో రోజు నీ తప్పు ఏమిటో రాయి చూపించి చెప్పమంది. చూపించాను. బాణాన్ని కిందికి, తోలు వైపు పైకి తిప్పి, తనే కిటికీలో పెట్టింది. ఇప్పుడు కుదురుగా కూర్చుంది ఆ రాయి. ఇన్నాళ్ళూ ఎందుకు ఊగుతోందో నాకు అర్థం కాలేదు.

నువ్వు రెండు రాళ్ళు సర్దేసిన మాట నాకు రాయకపోతే తెలిసేది కాదు. రాశావు. నాకు అంతకన్నా ఏమీ వద్దు. నా చెవుల మాట ఎప్పుడో మరిచిపోయాను, అయినా నువ్వు వచ్చాక రెండు రోజులు గుర్తు చేస్తూనే ఉంటాను.

ఫ్యాక్టరీలో నా దగ్గర ఆరుగురు ఆడపిల్లలు గుర్తులు నేర్చుకుంటున్నారు. ఇన్నేళ్ళుగా చెయ్యి పట్టి నేర్పానే కానీ, ఎందుకు ఆ వైపే పెడతామో ఒక్కరికీ చెప్పలేదు. నీకూ చెప్పలేదు. మన రాళ్ళు పడుకుని ఉన్నాయి కాబట్టి ఎవరికీ అవసరం రాలేదు. నిన్నటి నుంచి చెబుతున్నాను. వాళ్ళకి నా గొంతు పెద్దదై విసుగ్గా ఉందని సుల్తానా అంటోంది.

నువ్వు రా. ఉద్యోగం సంగతి వచ్చాక చూద్దాం. ఈ కింద రాసింది చెరిపేయకుండా నాగేందర్‌కి చూపించు.

నాయనా నాగేందర్,

నేను బాబావలి అక్కని. నిన్ను చూడకుండా, నీ మాట వినకుండా నీ చేతుల గురించి రాశాను. గుర్తు పెట్టడం నా తమ్ముడికి నేర్పింది నేనే. తప్పు మా ఇంట్లోది, నీది కాదు. నా ఉత్తరాలు నీకు ఇష్టమని తెలిసింది. నా తమ్ముడు వచ్చేశాక అక్కడికి ఉత్తరం రాయడానికి నాకు ఎవరూ ఉండరు. నీకు రాస్తాను. ఈ పూట అన్నం ఆ చేతులతోనే కలుపుకుని తిను.

రహమత్‌బీ అక్క